గ్రిల్ ఆఫ్‌లైన్ అంటే గ్రిల్ చెడిపోయిందని కాదు

డాలస్ చుట్టుపక్కల ఇళ్లలో వైఫై సరిచేయడం నా పని. మే నెలాఖర్న మెమోరియల్ డే సెలవు వచ్చిందంటే పెల్లెట్ గ్రిల్స్ (చెక్కపొట్టు గుళికలు కాల్చి వండేవి, వైఫైతో ఫోన్ యాప్‌కి కలిపేవి) గురించి ఫోన్లు మొదలవుతాయి, నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ దాకా ఆగవు. అందరూ చెప్పేది ఒకటే: "గ్రిల్ ఆఫ్‌లైన్ అంటోందండీ. కంట్రోలర్ పోయినట్టుంది. ప్లగ్ పీకి మళ్లీ పెట్టి చూశాం." ఆ చివరి మాట వింటే నాకు భయం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: యాప్ ఆఫ్‌లైన్ అని చూపిస్తే గ్రిల్ ఆగిపోయినట్టే, లేకపోతే పాడైపోయినట్టే.

కాదు. పెల్లెట్ గ్రిల్ వండటానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. వేడి చూసే సెన్సర్, పెల్లెట్లు తోసే ఆగర్, గాలి కొట్టే ఫ్యాన్, వీటన్నిటినీ నడిపే కంట్రోలర్, అన్నీ గ్రిల్‌లోనే ఉంటాయి. వైఫై పోయినా అది ఇచ్చిన వేడిని పట్టుకుని తన పని తాను చేసుకుంటూ పోతుంది. యాప్‌కి కబురు అందే దారి వేరు: గ్రిల్ నుంచి రౌటర్‌కి, అక్కణ్ణుంచి కంపెనీ సర్వర్‌కి, సర్వర్ నుంచి మీ ఫోన్‌కి. ఈ దారిలో ఎక్కడ తెగినా మీకు కనిపించేది అదే ఆఫ్‌లైన్. కంపెనీ సర్వర్ పడుకున్నా అంతే.

పోయిన థ్యాంక్స్‌గివింగ్ రోజు ఫ్రిస్కోలో ఒక ఇంటికి వెళ్లాను. ఇరవైమంది భోజనానికి వస్తున్నారు, మేక తొడ పొద్దున్నే గ్రిల్‌లో పెట్టారు. పదకొండింటికి ఆ అన్న ఫోన్ చేసి "ఆగిపోయింది తమ్ముడూ, ప్లగ్ పీకనా?" అన్నాడు. "నేనొచ్చేదాకా ముట్టుకోవద్దన్నా" అని బయల్దేరాను. వెళ్లేసరికి ఇంటిల్లిపాదీ వంటింట్లో ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. తెనాలి నుంచి వచ్చిన వాళ్ల నాన్నగారు మాత్రం మంకీ క్యాప్ పెట్టుకుని బయట గ్రిల్ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి "పొద్దుట్నుంచీ పొగ వస్తూనే ఉంది నాయనా, ఆగిపోయిందంటారేంటి వీళ్లు?" అన్నారు. కంట్రోలర్ తెర చూశాను. పెట్టింది 250 ఫారెన్‌హీట్, ఉన్నది 248. ఆ గ్రిల్‌కి ఏ జబ్బూ లేదు.

ఆ అన్న ప్లగ్ పీకి ఉంటే ఏమయ్యేది? ఫ్యాన్ ఆగిపోతుంది. నిప్పు గిన్నెలో సగం కాలిన పెల్లెట్లు రాజుకుంటూనే ఉంటాయి. ఆ నిప్పు ఆగర్ గొట్టంలోకి, అక్కణ్ణుంచి పెల్లెట్ల డబ్బాలోకి వెనక్కి పాకే ప్రమాదం ఉంది. అందుకే ఆపాలంటే షట్‌డౌన్ బటనే నొక్కాలి. మిగిలిన పెల్లెట్లు కాలిపోయేదాకా ఫ్యాన్ తిరిగి, అప్పుడు తనే ఆగుతుంది. వంట మధ్యలో వైఫై పోతే మీరు చేయాల్సింది ఒకటే: గ్రిల్ దగ్గరికి నడిచి వెళ్లి తెర చూడటం. మాంసంలో గుచ్చే చిన్న థర్మామీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కోడి 165 చేరిందా లేదా చెప్పడానికి దానికి యాప్‌తో పనిలేదు.

ఈ అపోహకి ఇంకో ఖర్చు కూడా ఉంది. ఆ అన్న అంతకు నెల ముందే కొత్త కంట్రోలర్ కొని బిగించుకున్నాడు. కథ మళ్లీ మొదటికే వచ్చింది. "ఫోన్‌కి ఇక్కడ ఫుల్ సిగ్నల్ ఉంది తమ్ముడూ, గ్రిల్‌కి ఎందుకు రాదు?" అన్నాడు. చాలామంది ఇక్కడే పడతారు. ఆయన ఫోన్ తీసుకుని మొబైల్ డేటా ఆపాను. నెట్ పోయింది. ఆ పెరట్లో ఫోన్ ఇంటి వైఫై మీద లేనే లేదు, టవర్ మీద నడుస్తోంది. తెరమీద గీతలు నిండుగా ఉండేసరికి ఆయన అది వైఫై అనుకున్నాడు.

మీరూ ఇలాగే చూడండి. మొబైల్ డేటా ఆపి, ఫోన్‌ని కంట్రోలర్ పక్కన ఆనించి వీడియో పెట్టండి. ఆగి ఆగి వస్తే గ్రిల్‌ని అనకండి. వైఫై సిగ్నల్ బలం కొలిచే మీటర్ యాప్ ఉంటే ఇంకా మంచిది: మైనస్ 65 దగ్గర ఉంటే హాయి, మైనస్ 80 దాటితే తెగుతూనే ఉంటుంది. వాళ్ల పెరట్లో మైనస్ 84. రౌటర్ మేడమీద మీడియా రూమ్ అల్మరాలో ఉంది. మధ్యలో నేల, ఇటుక గోడ, ఎండ ఆపడానికి లోహపు పూత వేసిన గాజు తలుపు. వీటికి తోడు గ్రిల్‌ని కంట్రోలర్ ఉన్న వైపు కంచెకీ, స్టీలు పొట్ట ఇంటికీ ఉండేలా నిలబెట్టారు. ఆ స్టీలే సిగ్నల్‌కి అడ్డుగోడ. సాయంత్రం వంటయి గ్రిల్ చల్లారాక ఇద్దరం కలిసి దాన్ని తిప్పాం. హాల్లో టీవీ వెనక పడున్న మెష్ పెట్టెని (రౌటర్ వైఫైని ఇంకాస్త దూరం అందించేది) వంటింటి వెనక గోడకి తెచ్చి పెట్టాను. మైనస్ 66కి వచ్చింది. కొత్తగా ఏదీ కొనలేదు.

అపోహ: మాది 5జీ వైఫై, ఇంకా బాగా రావాలి. 5జీ అనేది సెల్ టవర్ మాట. మీ రౌటర్‌లో ఉన్నది 5 గిగాహెర్ట్జ్. చాలా గ్రిల్స్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. నిజానికి పెరటికి అదే నయం, గోడలు దాటేది అదే. రెండింటికీ ఒకే పేరున్న మెష్‌లో మొదటిసారి కలిపేటప్పుడు కొన్ని యాప్‌లు తికమకపడతాయి. రౌటర్ సెట్టింగుల్లో స్మార్ట్ పరికరాలకు వేరే నెట్‌వర్క్ పెట్టుకునే వీలుంటే 2.4తో ఒకటి పెట్టండి. దాని భద్రత డబ్ల్యూపీఏ 2లో ఉంచండి. డబ్ల్యూపీఏ 3 మాత్రమే అని పెడితే పాత గ్రిల్స్ లోపలికి రాలేవు.

అపోహ: యాప్ తీసేసి మళ్లీ వేస్తే సరిపోతుంది. అరుదుగా. అనుమతులు చూడండి. ఐఫోన్‌లో లోకల్ నెట్‌వర్క్, ఆండ్రాయిడ్‌లో లొకేషన్, బ్లూటూత్. "వద్దు" అని ఒకసారి నొక్కి మరిచిపోయి ఉంటారు. మనవాళ్ల ఇళ్లలో ఇంకోటి కూడా తరచూ చూస్తాను: ఫోన్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ నడుస్తూ ఉంటుంది. గ్రిల్‌ని కలిపేంతసేపు దాన్ని ఆపండి.

అపోహ: ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే సమస్యలన్నీ పోతాయి. పోయేవి మీ వైఫై పేరు, పాస్‌వర్డ్, సెట్టింగులు. సమస్య గోడలో ఉంటే అది అలాగే ఉంటుంది. రౌటర్ మార్చినా, పాస్‌వర్డ్ మార్చినా గ్రిల్‌ని మళ్లీ కలుపుకోవాలి. చాలాసార్లు "రాత్రికి రాత్రి పోయింది" అనేది ఇదే. ఇంటర్నెట్ కంపెనీ మనిషి కొత్త పెట్టె పెట్టి వెళ్లి ఉంటాడు.

ఇరవైమంది వచ్చే రోజు ఫోన్‌లో ఎర్ర గుర్తు కనిపిస్తే చేతులు వణుకుతాయి, తెలుసు. ఆ రోజు ఫ్రిస్కోలో ఆ ఇంటి అక్క కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. అందుకే కంట్రోలర్‌లోనే మాంసం ప్రోబ్ (మాంసంలో గుచ్చి వేడి చూసే తీగ) అలారం పెట్టుకోండి. అది వైఫై లేకపోయినా మోగుతుంది. వాళ్లింట్లో రెండున్నరకి మోగింది, పెద్దాయనే ముందు విని లోపలికి కేకేశారు.