“నా బంకు నుంచి కాదు”: భూగర్భ జలాల్లో పెట్రోలుపై అపోహలు - వాస్తవాలు

పెట్రోలు బంకుల చుట్టూ బోర్లు వేయించి, నీళ్లు పట్టి పరీక్షకు పంపడం నా పని. నేను వెళ్లేసరికే తగవు ముదిరి ఉంటుంది. నీళ్లు పెట్రోలు వాసన వస్తున్నాయని చుట్టుపక్కలవాళ్లు, నాది కాదని బంకు యజమాని. ఆయన అబద్ధమాడుతున్నారని ముందే అనుకోను. కొన్నిసార్లు నిజంగానే ఆయనది కాదు. కాకపోతే ఆయన చూపే కారణాలు మాత్రం చాలావరకు నిలబడవు. అటువైపు వాళ్లవీ అంతే.

అపోహ: స్టాకు లెక్క సరిపోయింది, అంటే కారలేదు.

అన్నిటికంటే ముందు వినేది ఇదే. డిప్ పుస్తకం తెచ్చి బల్ల మీద పెడతారు, అంటే రోజూ ట్యాంకులో రాడ్డు ముంచి కొలిచిన స్టాకును అమ్మకాలతో సరిచూసి రాసే లెక్క. సెకనుకు ఒక్క చుక్క కారుతోందనుకోండి. చుక్క 0.05 మిల్లీలీటరు అయితే గంటకు 180 మిల్లీలీటర్లు, రోజుకు 4 లీటర్ల పైచిలుకు, ఏడాదికి 1,500 లీటర్లు దాటుతుంది. అది డిప్ రాడ్డుకు దొరుకుతుందా? పెట్రోలు ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు వెయ్యో వంతు ఉబ్బుతుంది. 10,000 లీటర్ల ట్యాంకులో 5 డిగ్రీల తేడాకు 50 లీటర్లు. ఆ ఊగిసలాటలో నాలుగు లీటర్లు ఎక్కడ కనిపిస్తాయి?

ట్యాంకు పరీక్ష పాసైందంటారు. అమెరికా నిబంధనల ప్రకారం ఆ పరీక్ష గంటకు 0.1 గాలన్, అంటే 380 మిల్లీలీటర్ల కారుడును పట్టగలిగితే చాలు. మన చుక్క అందులో సగం కూడా లేదు. పైగా ట్యాంకరు దించాక గొట్టం విప్పేటప్పుడు ఒలికేది ట్యాంకు పరీక్షలో తేలదు.

అలాగని ఆ పుస్తకం పనికిరాదని కాదు, నేను మొదట అడిగేది దాన్నే. రోజువారీ తేడాలు నెలల తరబడి కూడుతూ పోతాను. వేడి వల్ల వచ్చే తేడా ఓ రోజు ప్లస్, ఓ రోజు మైనస్. కారుడు ఎప్పుడూ మైనస్సే. అన్నట్టు, రోజూ తేడా సున్నా అని రాసి ఉన్న పుస్తకం చూస్తే నాకు అనుమానం తగ్గదు, పెరుగుతుంది.

అపోహ: దగ్గర్లో ఉన్నది ఆ బంకు ఒక్కటే, ఇంకేం రుజువు కావాలి?

నేల కింద నీరు ఎటు పోతోందో కావాలి. కనీసం మూడు బోర్లు, అవి ఒకే గీతలో ఉండకూడదు. మూడింటి పైపు అంచుల ఎత్తూ సర్వే చేసి, ఒకే రోజు టేపు దించి నీటి మట్టాలు కొలిస్తే దిశ తేలుతుంది. నేల వాలు చూసి చెప్పేయకూడదు. పక్కన పెద్ద మోటారు రోజంతా తోడుతుంటే నీరు అటే తిరుగుతుంది. బంకుకు ఎగువన, అంటే నీరు వచ్చే వైపున ఉన్న బోరులోనూ బెంజీన్ (పెట్రోలులో ఉండే విష పదార్థం) గట్టిగా ఉంటే, యజమాని చేతిలో అంతకు మించిన సాక్ష్యం లేదు. విచిత్రమేమిటంటే, ఆ ఎగువ బోరు ఖర్చు దండగని వద్దనేది ఎక్కువగా ఆయనే.

అపోహ: నేను కొని మూడేళ్లే, ఇది పాతాయన నిర్వాకం.

కావచ్చు. లెక్క వేద్దాం. నీటిని పారనిచ్చే గుణం (మీటరుకు మీటరు వాలు ఉంటే అన్న లెక్కన) రోజుకు 5 మీటర్లున్న ఇసుక నేల, నీటి మట్టానికి కిలోమీటరుకు 5 మీటర్ల వాలు, మట్టిలో నాలుగో వంతు ఖాళీలు. గుణాన్ని వాలుతో గుణించి ఖాళీలతో భాగిస్తే, నీరు రోజుకు 10 సెంటీమీటర్లు, ఏడాదికి 36 మీటర్లు నడుస్తుంది. కాలుష్యం 150 మీటర్ల దూరం చేరిందంటే నాలుగేళ్లు దాటినట్టే, బెంజీన్ మట్టిని పట్టుకుని ఇంకా వెనకబడుతుంది కూడా. కొత్త యజమాని మాటకు బలం ఉంది. అయితే మట్టి గుణం అంకె పది రెట్లు తప్పినా ఆశ్చర్యం లేదు కాబట్టి ఈ ఒక్క లెక్క మీదే ఎవరినీ వదిలెయ్యను.

ఇథిలీన్ డైబ్రోమైడ్ ఉందేమో చూస్తాను. సీసం కలిపిన పెట్రోలులో దాన్ని వాడేవారు. దొరికితే కారుడు ఆ కాలానిది కావచ్చు. పొలాల్లో పురుగుమందుగానూ వాడారు కాబట్టి అదీ కనుక్కోవాలి. ఇంకో తిరకాసు ఉంది: పాత కారుడు రుజువైనంత మాత్రాన కొత్తది లేదని కాదు. ఎవరు కార్చారు, ఎవరు శుభ్రం చేయాలి అన్నవి కూడా రెండు వేర్వేరు ప్రశ్నలు. కొన్ని దేశాల్లో శుభ్రం చేయాల్సిన బాధ్యత ముందు ఇప్పుడు నడుపుతున్నవారి మీదే పడుతుంది, పాతవారి దగ్గర రాబట్టుకోవడం ఆ తర్వాతి సంగతి. కొనేముందే మట్టి, నీళ్లు పరీక్ష చేయించిన కాగితం ఉంటే ఈ బాధ సగం ఉండదు.

అపోహ: ల్యాబువాళ్లు పెట్రోలు చూసి ఏ బంకుదో చెప్పేస్తారు.

పెట్రోలా, డీజిలా, తాజాదా, పాతదా అన్నది చెప్పగలరు. ఒకే డిపో నుంచి తెచ్చుకునే రెండు బంకుల మధ్య తేడా చెప్పడం మాత్రం దాదాపు అసాధ్యం.

అపోహ: వాసన లేదు, నీళ్లు బాగానే ఉన్నాయి.

తాగే నీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అమెరికాది 5. ముక్కుకు తెలిసే మోతాదు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పెట్రోలులో కలిపే ఎమ్‌టీబీఈ అనే పదార్థం దీనికి భిన్నం. కొద్దిపాటికే వాసన కొడుతుంది, నీటిలో బాగా కరుగుతుంది, బెంజీన్‌ను దాటి దూరం పోతుంది. 1996లో అమెరికాలోని శాంటా మోనికా నగరం తన బావులు మూసుకోవాల్సి వచ్చింది దీనివల్లే.

యజమాని సొంతంగా కుళాయి కింద ప్లాస్టిక్ సీసా సగం నింపి పంపిన నమూనాలో బెంజీన్ రాలేదంటే నేను లెక్కలోకి తీసుకోను. బెంజీన్ గాలిలోకి ఎగిరిపోయేది. 40 మిల్లీలీటర్ల గాజు సీసాను అంచు దాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తడతాం. బుడగ ఒక్కటి పైకి తేలినా మళ్లీ పడతాం.

అపోహ: వానలు పడ్డాయి, బావిలో తేలే పెట్రోలు కొట్టుకుపోయింది.

ఎక్కడికీ పోలేదు. నీటి మట్టం పెరిగితే తేలే పెట్రోలు మట్టి రంధ్రాల్లో నీటి అడుగున చిక్కుకుంటుంది, అందుకే బావిలోకి రాదు. ఆ వారంలో తీసిన కొలత పట్టుకుని “అయిపోయింది” అని ఉత్తరం రాసిన వాళ్లను చూశాను. ఎండాకాలంలో మట్టం దిగాక అదే బావిలో మళ్లీ టేపు దించితే, పైకి తీసిన టేపు మీద రెండు వేళ్ల మందాన పెట్రోలు మెరుస్తూ కనిపించింది.