నడుం నొప్పి, భయం, వెన్నుపాములోని తూము

ఏళ్ళ తరబడి నడుం నొప్పితో బాధపడుతున్న ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "నొప్పి గురించి చెడుగా ఆలోచించడం తగ్గించుకుంటే నొప్పి కూడా తగ్గుతుందని డాక్టరుగారు అన్నారు. అంటే నాది లేనిపోని నొప్పి అనేగా ఆయన ఉద్దేశం?" ఆమె బాధ న్యాయమైనదే, కానీ ఆ అర్థం మాత్రం తీయనక్కరలేదు. ఆలోచన నొప్పిని పెంచగలదంటే, అది శరీరంలో ఏదో ఒక దారిన వెళ్ళి, ఎక్కడో ఒకచోట పని చేస్తూ ఉండాలి. ఆ దారిలో చాలా భాగం ఇప్పుడు మనకు తెలుసు.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది ఉన్నవారి సున్నితత్వాన్ని కొలిచే పరీక్షల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చూడటానికి చాలా చిన్నది. మొద్దు మొన ఉన్న సన్నని తీగతో చర్మం తెగకుండా వేలి మీద ఒకసారి పొడిచి, ఆ నొప్పికి సున్నా నుంచి వంద లోపు ఒక అంకె వేయమంటారు. తర్వాత అదే తీగతో, అంతే బలంతో, అదే చోట సెకనుకు ఒకటి చొప్పున పదిసార్లు పొడిచి మళ్ళీ అంకె అడుగుతారు. పొడిచే బలం పెరగకపోయినా చాలామందికి పదో పోటు మొదటిదానికన్నా ఎక్కువ నొప్పిగా ఉంటుంది. అయితే ఆ పెరుగుదల కొందరిలో స్వల్పం, కొందరిలో ఎంతో ఎక్కువ. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్నవారిలో అది సగటున ఎక్కువగా ఉన్నట్టు అనేక అధ్యయనాల్లో కనిపించింది. పొడిచింది వేలి మీద, ఆ వేలికి ఏ జబ్బూ లేదు, నడుముతో దానికి సంబంధమూ లేదు. మార్పు వచ్చింది వేలిలో కాదు, వేలి నుంచి వచ్చే కబురును అందుకునే వ్యవస్థలో.

ఆలోచనను కొలవడానికి 1995లో మైకేల్ సలివాన్, అతని సహచరులు కెనడాలో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో 13 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 52. నొప్పి గురించే పదే పదే తలచుకోవడం, దాన్ని పెద్ద ప్రమాదంగా ఊహించుకోవడం, దాని ముందు తాను నిస్సహాయుణ్ణని అనుకోవడం అనే మూడు ధోరణులను అది పట్టుకుంటుంది. ఈ మూడింటినీ కలిపి క్యాటస్ట్రఫైజింగ్ అంటారు. ఈ మార్కులు ఎక్కువ వచ్చినవారు సగటున అదే ఒత్తిడికి, అదే వేడికి ఎక్కువ నొప్పి చెబుతారు. పైన చెప్పిన పది పోట్ల పరీక్షలో కూడా వారి అంకె ఎక్కువగా పెరుగుతుందని పలు అధ్యయనాలు చూపాయి.

ఇది ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే గోదావరి డెల్టాలో పంట కాలువ గట్టు మీద నిలబడి చూడాలి. కాలువలో నీరు ఎంత వస్తున్నా చేలోకి ఎంత పోవాలో తేల్చేది తూము. ఆ తూము షట్టరును ఎత్తేదీ, దించేదీ లష్కరు. శరీరంలో ఆ కాలువ సి-ఫైబర్లనే సన్నని నరపు తంతువులు. తూము ఉన్నది వెన్నుపాము వెనుక కొమ్ములో. చేను మెదడు. వెన్నుపాములో ఇలాంటి ద్వారం ఉంటుందని రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. వారు చెప్పిన వివరాల్లో కొన్ని తర్వాత మారినా అసలు ఆలోచన నిలబడింది. మోకాలికి దెబ్బ తగిలితే మనం చేత్తో రుద్దుకోవడం కూడా ఈ తూము పనే, ఎందుకంటే స్పర్శను మోసే లావు తంతువులు షట్టరును కొంత కిందికి దించుతాయి.

లష్కరు తన ఇష్టప్రకారం షట్టరు ఎత్తడు, అతనికి పైనుంచి ఆదేశం రావాలి. మెదడు కాండంలోని పెరియాక్విడక్టల్ గ్రే అనే చిన్న ప్రాంతం ఈ ఆదేశాల కార్యాలయం. 1969లో డేవిడ్ రేనాల్డ్స్ ఎలుకల్లో ఈ ప్రాంతానికి సన్నని విద్యుత్తు ఇచ్చి, మత్తుమందు లేకుండానే వాటి పొట్టకు శస్త్రచికిత్స చేయగలిగాడు. అక్కడి నుంచి ఆదేశం మెదడు కాండం అడుగు భాగమైన మెడుల్లాలోని ఒక కేంద్రానికి, అక్కడి నుంచి వెన్నుపాముకు దిగుతుంది. ఆ మెడుల్లా కేంద్రంలో రెండు రకాల కణాలున్నాయని హోవర్డ్ ఫీల్డ్స్ బృందం 1980లలో గుర్తించింది. వేడి తగిలి ఎలుక తోక లాక్కోబోయే క్షణానికి ముందు కొన్ని కణాలు ఒక్కసారిగా చెలరేగుతాయి, అవి 'ఆన్' కణాలు. సరిగ్గా అప్పుడే మౌనం వహించేవి 'ఆఫ్' కణాలు. మొదటివి తూము తెరుస్తాయి, రెండోవి మూస్తాయి. మార్ఫిన్ ఇస్తే ఆన్ కణాలు సద్దుమణిగి, ఆఫ్ కణాలు ఆగకుండా పనిచేస్తాయి. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే విషయం ఏమిటంటే, ఈ కార్యాలయానికి కబుర్లు మోసుకొచ్చేవాటిలో భయానికి కేంద్రమైన అమిగ్డలా, రాబోయేదాన్ని అంచనా వేసే ముందు మెదడు కూడా ఉన్నాయి. ఆదేశం వస్తున్న నీటిని బట్టే కాదు, రాబోతుందనుకున్న గండాన్ని బట్టి కూడా వెలువడుతుంది.

తూమును చాలా కాలం తెరిచే ఉంచితే దాని ముఖం కోసుకుపోయి వెడల్పవుతుంది. వెన్నుపాములోనూ అలాంటిదే జరుగుతుంది. సి-ఫైబర్ల కబుర్లు సెకనుకొకటి చొప్పున వస్తుంటే ఒకదాని ప్రభావం పూర్తిగా తగ్గకముందే మరొకటి వచ్చి చేరుతుంది. వెన్నుపాము కణం విద్యుత్ స్థితి కొంత పైకి లేచేసరికి దాని పైపొరలో ద్వారాల్లా ఉండే ఎన్‌ఎండిఏ గ్రాహకాలకు అడ్డంగా ఉన్న మెగ్నీషియం తొలగిపోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, తర్వాతి కబురుకు ఆ కణం మరింత గట్టిగా స్పందిస్తుంది. పది పోట్ల పరీక్షలో మనం కొలిచేది ఈ పోగుబాటునే. ఇది ఎక్కువ కాలం కొనసాగితే మామూలు కదలిక కూడా నొప్పిగా అందుతుందని క్లిఫర్డ్ వుల్ఫ్ 1983 నుంచి చేసిన పరిశోధనలు చూపాయి.

మాటకే ఈ తూమును కదిలించే శక్తి ఉందా? జర్మనీలోని హాంబుర్గ్ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఆరోగ్యవంతులకు మందు లేని ఒట్టి పూతను రాసి, దాని వల్ల చర్మం వేడికి ఎక్కువ నొప్పెడుతుందని చెప్పారు. ఒక గుంపుకు ఖరీదైన మందులా కనిపించే డబ్బాలో, ఇంకో గుంపుకు చవక డబ్బాలో చూపించారు. ఖరీదైనదానికి శక్తి ఎక్కువని నమ్మినవారికి నొప్పి మరింత పెరిగింది. స్కానర్‌లో ముందు మెదడు, మెదడు కాండం, వెన్నుపాము మూడింటిలోనూ ఆ భయపు జాడ కనిపించింది.

ఇక్కడ నిజాయితీగా ఒక అడ్డంకిని కూడా చెప్పాలి. కాలి నరాన్ని విద్యుత్తుతో కదిపి, కాలు అసంకల్పితంగా ముడుచుకోవడానికి ఎంత విద్యుత్తు కావాలో కొలిచిన 2002 నాటి ఒక అధ్యయనంలో, క్యాటస్ట్రఫైజింగ్ మార్కులకు నొప్పి అంకెతో సంబంధం ఉంది గానీ వెన్నుపాము స్థాయిలో జరిగే ఆ ముడుపుతో లేదు. అంటే ఇటువంటి ఆలోచనల ప్రభావంలో కొంత వెన్నుపామును ముట్టకుండా మెదడులోనే ముగుస్తుందన్నమాట. పైగా ప్రభావం రెండువైపులా నడుస్తుంది. నొప్పి తగ్గించే చికిత్స ఫలిస్తే ఈ మార్కులు కూడా తగ్గుతాయి. నడుం నొప్పి ఉన్నవారిని "నీ ఆలోచనే నీ రోగం" అని నిందించడం అన్యాయమే కాదు, అశాస్త్రీయం కూడా.

ఎదురుకాళ్ళతో పుట్టినవారు నడుం మీద తంతే నడుం పట్టు వదులుతుందని మన ఊళ్ళలో నమ్మకం ఉంది. ఉపశమనం కలిగిందని చెప్పేవారందరూ అబద్ధం చెబుతున్నారని నేననను. పన్ను తీసిన తర్వాత ఒట్టి మందుతో నొప్పి తగ్గినవారికి మార్ఫిన్‌కు విరుగుడైన నలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం పోయిందని 1978లో తేలింది. నమ్మకం శరీరంలోని సొంత మార్ఫిన్ వంటి రసాయనాలను విడుదల చేయించిందన్నమాట. ఆ పుణ్యం నమ్మకానిదే, పుట్టిన తీరుది కాదు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ తన్ను కాలు చచ్చుబడేలా చేయవచ్చు. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా ఆలోచనల చర్చ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నన్ను మరింత కలవరపెట్టేది స్కానింగ్ కాగితం చేతిలో పెట్టి "డిస్కులు అరిగిపోయాయి, గ్యాప్ వచ్చింది, ఇక వంగకండి" అనే మాట. ఏ నొప్పీ లేనివారి స్కాన్‌లను పరిశీలించిన 2015 నాటి సమీక్షలో 20 ఏళ్ళవారిలోనే 37 శాతం మందికి, 80 ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. ఆ సంగతి చెప్పకుండా అరుగుదలను మాత్రమే చెబితే వినేవారి మనసులో నడుము విరగబోయే కొమ్మ అవుతుంది. వంగడం మానేస్తారు, కండరాలు బలం కోల్పోతాయి, చిన్న కదలికకూ ఆదేశాల కార్యాలయం షట్టరు ఎత్తమంటుంది. వైద్య విద్యలో స్కాన్ చదవడంతో పాటు దాన్ని రోగికి ఎలా చెప్పాలో నేర్పడం కూడా అంతే అవసరమని నా గట్టి నమ్మకం.

ఈ వలయాన్ని కదలికతోనే విప్పవచ్చని ఆస్ట్రేలియాలో 492 మందితో జరిపి 2023లో ప్రచురించిన పరీక్ష చూపింది. ఫిజియోథెరపిస్టులు 12 వారాల్లో ఏడు సిట్టింగుల వరకు కూర్చుని, రోగి తన నొప్పి గురించి ఏమనుకుంటున్నాడో ముందు విన్నారు. ఆ తర్వాత అతను భయపడే పనినే, ఉదాహరణకు కింద పడిన వస్తువును వంగి తీయడాన్ని, ఊపిరి బిగపట్టకుండా, నడుమును బిగించకుండా మెల్లమెల్లగా చేయించారు. వంగినా ఏమీ విరగలేదన్న సంగతిని శరీరం స్వయంగా చూసుకుంటుంది. మామూలు చికిత్స పొందినవారికన్నా వీరిలో రోజువారీ పనులకు కలిగే అడ్డంకి బాగా తగ్గింది. ఏడాది తర్వాత చూసినా ఆ తేడా అలాగే ఉంది.