పటాన్‌చెరు వాగుల్లో మందు ఎలా చేరింది?

2017 అక్టోబర్‌లో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో రెండు లక్షలకు పైగా చేపలు చచ్చి తేలాయి. వానలు పడుతున్న అదను చూసి ఫ్యాక్టరీలు వ్యర్థజలాలు వదిలేశాయని మత్స్యకారులు ఆరోపించారు. ఆ చుట్టుపక్కల చెరువులకు, వాగులకు ఈ గోడు కొత్తది కాదు.

1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇవ్వడంతో దేశంలో మందుల తయారీ ఊపందుకుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు కొందరు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. పక్కనే వెనకబడిన మెదక్ జిల్లా, అక్కడ పరిశ్రమలకు రాయితీలు. అలా పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం నిండిపోయాయి. బల్క్ డ్రగ్ (మాత్రలకు వాడే ముడి మందు) తయారీలో కిలో మందు చేతికొచ్చేసరికి దానికి ఎన్నో రెట్లు ద్రావకాలు, నీళ్లు మిగిలిపోతాయి. అవి ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర దారి పట్టాయి.

పంటలు, పశువులు, బోర్లు పాడయ్యాయని ఊళ్లవాళ్లు మొత్తుకున్నారు. స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ పోరాటం వదల్లేదు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో ఉమ్మడి శుద్ధి ప్లాంటు మొదలైంది. ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లు అక్కడికి నీళ్లు మోసేవి. హమ్మయ్య అనుకున్నారు చాలామంది.

ఆ ప్లాంటు నుంచి శుద్ధయ్యాక బయటికొచ్చే నీళ్లనే స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో ఫలితాలు వచ్చాయి: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. వాళ్ల లెక్కలో రోజుకు 45 కిలోలు. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్‌కు ఐదు రోజులు సరిపోయే మందు అది. అప్పటిదాకా ఎవరూ ఎందుకు చూడలేదంటే, చూడమని రూల్ లేదు. సీఓడీ (నీళ్లలోని కాలుష్యం ఎంత ఆక్సిజన్ లాగేస్తుందన్న లెక్క) ఎంత, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) ఎంత అని రాసుకోవడమే తప్ప నీళ్లలో మందు ఎంత ఉందన్న గడి ఆ ఫారంలోనే లేదు.

2009లో మరో పరీక్ష చేశారు. ఈసారి తోకకప్పల మీద. ఇంటి మీద పెట్టుకునే 500 లీటర్ల నల్ల ట్యాంకు ఊహించుకోండి. అందులో ఆ నీళ్లు ఒక్క లీటరు పోస్తే ఎంత పలచనవుతాయో, అంత పలచన చేసిన నీళ్లలో పెంచితే తోకకప్పలు 40 శాతం తక్కువ ఎదిగాయి. 2011లో వాగు అడుగు మట్టిని చూస్తే, యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియా జన్యువులు కుప్పలుగా కనిపించాయి. సిప్రో మట్టికి గట్టిగా అంటుకునే రకం. పైన నీళ్లు పారిపోయినా అడుగున అది అంత తొందరగా పోదు.

ఈలోగా ప్లాంటు నీళ్లను సుమారు 18 కిలోమీటర్ల పైపుతో నగర మురుగుకాలువలో కలిపి, అంబర్‌పేట మీదుగా మూసీకి మళ్లించారు. దీన్ని పరిష్కారం అన్నారు. నాకైతే అడ్రస్ మార్పులాగే కనిపిస్తుంది.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మొదటిసారి ఫ్యాక్టరీ నీళ్లలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.