దేశాన్ని కాదని బొగోటాకు: నీల్ ఫ్రాంక్లిన్ కేసు పూర్వాపరాలు

క్లబ్బును కాదని వెళ్లిన ఆటగాడిని ఎంతవరకు శిక్షించవచ్చు? ఫ్రెంచ్ ఫుట్‌బాల్ ఆటగాడు లస్సానా దియార్రా కేసులో, ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా బదిలీ నిబంధనలు కొన్ని చట్టవిరుద్ధమని 2024 అక్టోబరులో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం తేల్చాక ఈ వాదన మళ్లీ రాజుకుంది. ఇంగ్లండ్‌లో దీనికి పాత ఉదాహరణ స్టోక్ సిటీ క్లబ్బు సెంటర్ హాఫ్ (రక్షణ వరుస మధ్యలో ఆడేవాడు) నీల్ ఫ్రాంక్లిన్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండ్ తరఫున వరుసగా 27 మ్యాచ్‌లు ఆడిన డిఫెండర్. ఆయన ఆట గురించి ఆ ఒక్క అంకె చాలు.

అసలు మలుపు 1950 మే నెల. భార్య గర్భవతి అని చెప్పి ప్రపంచ కప్ జట్టు నుంచి తప్పుకున్న ఫ్రాంక్లిన్, కొలంబియా రాజధాని బొగోటాలోని శాంటా ఫే క్లబ్బులో చేరారు. అప్పటికి ఆ దేశపు లీగ్ ఫిఫా పరిధిలో లేదు. కాబట్టి ఆటగాడిని తీసుకునే క్లబ్బు పాత క్లబ్బుకు కట్టే బదిలీ రుసుము స్టోక్‌కు దక్కలేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం దీన్ని తప్పుపట్టింది.

ఆయన వదిలి వెళ్లినదేమిటో కూడా చూడాలి. 1948-49లో లీగ్ మ్యాచ్‌లకు 4 కోట్ల మందికి పైగా టికెట్లు కొన్నారు. ఆటగాడి జీతం మాత్రం వారానికి 12 పౌండ్లు దాటరాదు. శాంటా ఫే ఇస్తానన్నది అందుకు ఎన్నో రెట్లు. పైగా కాంట్రాక్టు గడువు తీరినా క్లబ్బు వదలనంటే ఇంగ్లండ్‌లో మరో లీగ్ జట్టుకు ఆడే దారి లేదు. గడువు తీరాక కూడా కట్టిపడేసే కాగితాన్ని ఒప్పందం అనడం కష్టం.

జూన్ 29న ప్రపంచ కప్‌లో, బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటెలో ఇంగ్లండ్ 0-1తో అమెరికా చేతిలో ఓడింది. ఒక్క గోలూ కొట్టలేని ఫార్వర్డ్‌లను వదిలి, జట్టులోనే లేని డిఫెండర్‌ను తప్పుపట్టినవారున్నారు!

బొగోటాలో కర్ఫ్యూ, కొత్త చోట కుటుంబం కుదురుకోలేని స్థితి. కొద్ది నెలలకే తిరిగొచ్చారు. సంఘం సస్పెండ్ చేసింది. 1951లో స్టోక్ ఆయనను హల్ సిటీకి 22,500 పౌండ్లకు అమ్ముకుంది. ఆయన వదిలి వెళ్లిన క్లబ్బుకు సొమ్ము ముట్టింది, ఆటగాడికి జాతీయ జట్టు తలుపు శాశ్వతంగా మూసుకుపోయింది. కెప్టెన్ బిల్లీ రైట్ 1954లో ఆ స్థానానికి మారేదాకా ఇంగ్లండ్ సెంటర్ హాఫ్‌లను మారుస్తూనే ఉంది.

జీతాల పరిమితి 1961లో పోయింది. న్యూకాజిల్ క్లబ్బుపై ఆటగాడు జార్జ్ ఈస్టమ్ వేసిన కేసులో, గడువు తీరిన ఆటగాడిని అట్టిపెట్టుకునే పద్ధతి వృత్తి స్వేచ్ఛకు అసమంజసమైన అడ్డంకి అని 1963లో జడ్జి విల్బర్‌ఫోర్స్ తీర్పిచ్చారు. ఫ్రాంక్లిన్‌ను తప్పుపట్టే కథనాలు మాత్రం 1950 దగ్గరే ఆగిపోతుంటాయి.