జిలేబికి బంతి తెచ్చే ఆట నేర్పాలంటే

చిన్నూ, అమ్మలూ,

మొన్న వీడియో కాల్‌లో అడిగారు కదా, కింద ఫ్లాట్ వాళ్ళ కుక్క బంతి విసిరితే తెచ్చి ఇస్తోంది మన పిల్లి జిలేబికి కూడా నేర్పొచ్చా అమ్మమ్మా అని, సిగ్నల్ పోయి మాట సగంలో ఆగిపోయింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. నేర్పొచ్చు. పిల్లి మాట వినదు, దానికి అలాంటివి రావు అని పక్కనుంచి మీ నాన్న అన్నది నాకు వినపడింది గానీ అది నిజం కాదు. కాకపోతే కుక్కకి నేర్పే పద్ధతిలో నేర్పితే రాదు, అంతే. కుక్కకి మనం మెచ్చుకుంటే చాలు, దాని కోసమే పది సార్లు పరిగెడుతుంది. పిల్లికి ఆ పని తనకి నచ్చాలి. అసలు ఈ ఆట మనం నేర్పేది కాదు, చాలాసార్లు పిల్లే మొదలుపెడుతుంది, మనం గమనించి అందుకోవాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా దాని గురించే.

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. ఇంగ్లాండ్‌లో సస్సెక్స్ యూనివర్సిటీ వాళ్ళు ఇలా వస్తువులు తెచ్చిచ్చే పిల్లులున్న 924 మందిని ప్రశ్నలడిగి మొత్తం 1154 పిల్లుల సంగతులు సేకరించారు, 2023 డిసెంబర్‌లో అచ్చయింది. అందులో నూటికి 94 పైగా పిల్లులకి ఎవరూ ఏమీ నేర్పలేదు! ఏదో ఒక రోజు అది నోట్లో ఏదో కరుచుకొచ్చి ముందు పడేసింది, ఇంట్లో వాళ్ళు తీసి విసిరారు, అది మళ్ళీ తెచ్చింది, అలా మొదలైపోయింది. చాలావాటికి ఏడాది నిండకముందే అలవాటైంది, అంటే మన జిలేబి వయసులోనే. ఇంకో సంగతి కూడా తేలింది, ఆట మనం మొదలుపెట్టినప్పటి కంటే పిల్లి తనంతట తను మొదలుపెట్టినప్పుడు ఎక్కువసార్లు తెచ్చిస్తుందట. ఆ తర్వాత 2024లో అమెరికా వాళ్ళు చేసిన ఇంకో సర్వేలో నూటికి 40కి పైగా పిల్లులు అప్పుడప్పుడైనా ఇలా తెస్తాయని, కుక్కల్లో అయితే 78 దాకా తెస్తాయని వచ్చింది. సయామీస్ జాతి పిల్లులు ఇందులో కాస్త ముందుంటాయి, కానీ మన వీధి పిల్లులు కూడా తెస్తాయి, నేను కళ్ళారా చూశాను.

మరి ఎందుకు తెస్తుంది అంటారా. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది అని మన వాళ్ళు అంటారు విన్నారా, తల్లి పిల్లి కూనని మెడ వెనక తోలు దగ్గర మెత్తగా కరుచుకుని ఒక చోట నుంచి ఇంకో చోటికి మారుస్తూనే ఉంటుంది, ఎవరైనా చూశారని అనుమానం వస్తే చాలు మళ్ళీ మారుస్తుంది. అలాగే ఎలుకని పట్టిందనుకోండి, పట్టిన చోటే తినకుండా నోట కరుచుకుని తనకి భయం లేని చోటికి తీసుకెళ్తుంది, కూనలుంటే వాటి ముందు పెడుతుంది. అంటే నోట పట్టుకుని మోసుకెళ్ళడం దాని పుట్టుకలోనే ఉంది, మనం కొత్తగా పెట్టక్కర్లేదు. ఫెచ్ అనే ఈ విసిరింది తెచ్చే ఆటకి కావాల్సింది మూడే కదా, వెంటపడటం, పట్టుకోవడం, మోసుకురావడం, ఆ మూడూ దానికి వచ్చు. నాలుగోది, మన దగ్గర వదిలేయడం, అదొక్కటే మనం నేర్పేది.

ఒకసారి నేల మీద పడుకుని జిలేబి ఆడుతుంటే ముఖం వైపు చూడండి. ముందు కళ్ళల్లో నల్ల గుడ్డు పెద్దదైపోతుంది, ఒళ్ళు నేలకి ఆనిస్తుంది, వెనక భాగం అటూ ఇటూ ఊపుతుంది, అప్పుడు దూకుతుంది. దూకి పట్టుకోగానే మీసాలు గమనించండి, పక్కలకి ఉన్న మీసాలు ఒక్కసారిగా ముందుకి వచ్చేసి నోట్లో ఉన్నదాన్ని చుట్టేసినట్టు ఉంటాయి. ఎందుకంటే పిల్లికి ముక్కు కిందున్నది సరిగ్గా కనపడదు, ఓ జానెడు దూరం లోపలున్నవి దానికి మసకే, అందుకని పట్టుకున్నది కదులుతోందా లేదా అని మీసాలతో తెలుసుకుంటుంది. బంతి దాని మూతి ముందు పెట్టి ఇదిగో ఇదిగో అంటే అది ఎటో చూస్తుంది, మనమేమో దానికి ఇష్టం లేదనుకుంటాం. దూరంగా కదిలితే మాత్రం వెంటనే చూస్తుంది.

అందుకే విసిరేటప్పుడు దాని వైపు విసరకండి. ఎలుక ఎప్పుడైనా పిల్లి మీదకి పరిగెత్తి వస్తుందా? దాని పక్కనుంచి దూరంగా, నేల మీద జారుతూ వెళ్ళేలా వెయ్యండి. గాల్లో పైకి ఎగరేయడం చిన్నూకి సరదా అని తెలుసు కానీ మొదట్లో వద్దు.

ఏం విసరాలి అనేది మీరు ఎంచకండి, దాన్నే ఎంచుకోనివ్వండి. ఒక రెండు మూడు రోజులు ఏమీ చేయకుండా చూడండి, జిలేబి ఇంట్లో దేన్ని నోట్లో పట్టుకుని తిరుగుతోంది, ఎక్కడికి తీసుకెళ్తోంది. మా నల్లపిల్లి కొన్న బొమ్మలన్నీ వదిలేసి చిత్తు కాగితం ఉండ చేసి వేస్తే దానికే పరిగెత్తేది, అది కూడా కాస్త గరగరలాడే కాగితం అయితేనే. ఎలుక అంత సైజులో, తేలిగ్గా, పంటికి దొరికేలా ఉండాలి. టెన్నిస్ బంతి దాని నోట్లో పట్టదు. పాత సాక్సు చిన్న ముక్క ముడి వేసినా సరిపోతుంది, ముడి గట్టిగా ఉండాలి, పోగులు వేలాడకూడదు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తాను, ఆటకన్నా ఇది ముఖ్యం. దారం వద్దు. బొమ్మల్లో పిల్లి ఊలు ఉండతో ఆడుతున్నట్టు వేస్తారు చూడండి, అది చాలా ప్రమాదం. పిల్లి నాలుక ముట్టుకున్నారా, గరగరా ఉంటుంది, దాని మీద చిన్న చిన్న ముళ్ళలాంటివి గొంతు వైపు వంగి ఉంటాయి, దారం ఒకసారి వాటికి తగులుకుంటే అది ఉమ్మేయలేదు, లోపలికే పోతుంది. లోపల పేగులు ఆ దారం మీద ముడతలు పడి కోసుకుపోతాయి, ఆపరేషన్ చేస్తేనే గానీ బతకదు. మన ఇళ్ళల్లో దారాలు ఎన్ని ఉంటాయో ఆలోచించండి, మల్లెపూల దండ వాడిపోయాక పడేసిన దారం, సంక్రాంతికి గాలిపటం మాంజా, స్వీట్ బాక్స్ రిబ్బన్, అమ్మలూ నీ జడ రబ్బర్ బ్యాండ్లు, ఇవన్నీ మూత ఉన్న డబ్బాలో పడేయాలి. ఎప్పుడైనా దాని నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతూ కనపడితే లాగొద్దు, అమ్మని పిలిచి వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

సరే ఆటకి వద్దాం. ఎప్పుడు ఆడాలి అంటే తెల్లవారుజామునా సాయంత్రం చీకటి పడే వేళా పిల్లికి హుషారు, పగలంతా నిద్రే. మీకు స్కూల్ కాబట్టి సాయంత్రం, దాని తిండికి ముందు. కడుపు నిండాక ఏ పిల్లీ కదలదు. ఎక్కడ అంటే మీ బెడ్‌రూముల మధ్య ఆ సన్నటి నడవ బాగుంటుంది, పక్కలకి పోవడానికి దారి ఉండదు. జిలేబి దొరికినవన్నీ ఎక్కడికి మోసుకుపోతోందో చూశారు కదా, దాని పరుపు దగ్గరికో సోఫా కిందికో, మీరు వెళ్ళి ఆ చోటు పక్కనే కూర్చోండి, అక్కడి నుంచే విసరండి. అది ఎలాగూ అక్కడికే తెస్తుంది! ఇది చాలామందికి తోచదు, హాల్లో కూర్చుని రా రా అని పిలుస్తుంటారు, పిల్లేమో తన చోటికి తను పోతుంది.

తెచ్చాక ఏం చేయాలన్నది అసలు కిటుకు. నోట్లోంచి లాక్కోవద్దు, ఒక్కసారి లాక్కున్నా తర్వాత మిమ్మల్ని చూస్తే ఎత్తుకుని పారిపోతుంది, వెంటపడ్డారా ఇక అది వేరే ఆట అయిపోతుంది, మీరు పరిగెత్తడం అది నవ్వుకోవడం. కదలకుండా అరచెయ్యి నేల మీద తెరిచి పెట్టి కూర్చోండి. రెండో చేతిలో తాయిలం ఉండాలి, లేదా అచ్చం అలాంటిదే ఇంకో కాగితం ఉండ. అది నోట్లోది వదిలిన క్షణమే తాయిలం, లేదా రెండో ఉండ విసరడం. ఆలస్యం చేయకూడదు, మీరు లేచి వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెరిచి తెచ్చేసరికి అది దేనికి ఇచ్చారో దానికి తెలీదు. అందుకే కొందరు క్లిక్కర్ అని చిన్న టక్‌మనే డబ్బా వాడతారు, మీరు బాల్‌పెన్ నొక్కితే చాలు, టక్‌మంది అంటే తాయిలం వస్తుంది అని ముందు అలవాటు చేయండి, ఆటలో సరైన పని చేసిన క్షణాన టక్‌మనిపించి తర్వాత తాయిలం ఇవ్వొచ్చు.

తెచ్చేదాకా ఆగి అప్పుడే ఇస్తానంటే మొదట్లో కుదరదు. మొదట ఉండ దగ్గరికి వెళ్ళి ముట్టుకుంటే ఇవ్వండి. అది బాగా వచ్చాక నోట్లో పట్టుకుంటేనే. తర్వాత నోట్లో పెట్టుకుని మీ వైపు ఒక్క అడుగు వేసినా చాలు. అలా పెంచుకుంటూ పోవాలి. మధ్యలో ఒక రోజు అన్నీ మర్చిపోయినట్టు ఉంటుంది, అప్పుడు ఒక మెట్టు దిగి సులువైనదానికే ఇవ్వండి.

నేను పాతికేళ్ళకి పైగా సైన్స్ చెప్పినదాన్ని కాబట్టి ఇది కూడా రాయకుండా ఉండలేను. ఇలా నేర్చుకోవడం గురించి మొదట లెక్కలు కట్టి చూపించింది పిల్లులతోనే. అమెరికాలో థార్న్‌డైక్ అనే ఆయన ఆకలిగా ఉన్న పిల్లుల్ని చెక్కపెట్టెల్లో పెట్టి బయట తిండి ఉంచాడు, లోపల ఒక తాడో మీటో లాగితే తలుపు తెరుచుకుంటుంది. మొదటిసారి అవి గీరి, కొరికి, అటూ ఇటూ గింజుకుని ఎప్పటికో అనుకోకుండా దాన్ని తగిలి బయటపడ్డాయి, మళ్ళీ మళ్ళీ పెడితే పట్టే టైమ్ తగ్గుతూ వచ్చింది. 1898లో అదంతా రాశాడు. మంచి జరిగిన పని మళ్ళీ చేస్తుంది, చెడు జరిగిన పని మానేస్తుంది, అదే ఆయన చెప్పింది. రెండో సగం మనకి తెనాలి రామకృష్ణుడి పిల్లి కథలో ఉండనే ఉంది. రాయలవారు పిల్లినీ దానికి పాల కోసం ఆవునీ ఇస్తే, రామకృష్ణుడు మరిగే పాలు పెట్టాడు, మూతి కాలింది, ఇక ఆ పిల్లి పాలగిన్నె చూస్తేనే పరుగు. కథ విని నవ్వుతాం కానీ పాపం పిల్లి సంగతి ఆలోచించండి, ఒక్కసారికే జన్మలో మర్చిపోలేదు. అందుకే జిలేబి తేకపోతే తిట్టడం, నీళ్ళు చల్లడం, పట్టుకొచ్చి బలవంతంగా కూర్చోబెట్టడం ఏదీ చేయొద్దు, దానికి ఆట మీద కాదు, మీ మీదే భయం పడుతుంది.

తాయిలం అంటే స్వీట్లు కాదు. పిల్లికి తీపి రుచి అసలు తెలీదు, ఆ రుచి పట్టుకునే జన్యువు వాటిలో పనిచేయదని 2005లో కనిపెట్టారు, కాబట్టి పేరు జిలేబి అయినా జిలేబీ ముక్క పెడితే దానికి ఆ తీపి తెలీదు. ఉప్పు కారం లేకుండా ఉడికించిన చికెన్ ఒక పీచు, గోరంత, చాలు. కూరలోది తీసి పెట్టొద్దు, ఉల్లిపాయ వెల్లుల్లి వాటికి విషం, రక్తం పాడవుతుంది. ఇంట్లో మాంసం వండని రోజు దాని పొడి తిండి గుళికలే రెండు తీసి పక్కన పెట్టుకోండి, రాత్రి తిండిలోంచి ఆ మేరకి తగ్గించండి. పాలు కూడా వద్దు, పెద్దయ్యే కొద్దీ చాలా పిల్లులకి అరగవు, విరేచనాలు అవుతాయి.

ఎన్నిసార్లు విసరాలి అంటే అది ఇంకా ఇంకా అంటున్నప్పుడే ఆపేయండి. నాలుగైదు సార్లు చాలు మొదట్లో. విసిరాక కూర్చుని ఒళ్ళు నాక్కోవడం మొదలెట్టిందా, అయిపోయింది, ఇక పిలవకండి. ఆఖరిసారి తెచ్చాక దాని రాత్రి తిండి పెట్టేయండి, వేటాడింది, పట్టింది, తింది, ఒళ్ళు నాక్కుంది, పడుకుంది, ఆ వరసలో జరిగితే దానికి హాయి. లేజర్ లైట్‌తో ఆడించే పిల్లలున్నారు మీ అపార్ట్‌మెంట్‌లో అని విన్నా, అందులో ఎంత దూకినా కాలికి ఏమీ దొరకదు, పట్టుకున్నాను అన్నది ఉండదు, పైగా కంట్లో పడితే ప్రమాదం. మీరు ఆ జోలికి పోకండి.

ఆటలో గోరు తగిలినా పన్ను దిగినా దాచొద్దు, ఒట్టు. సబ్బూ నీళ్ళతో పావుగంట సేపు ధారగా కడగాలి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి, ఇంజెక్షన్ కావాలో వద్దో ఆయన చెప్తారు. జిలేబికి రేబిస్ టీకా వేయించారా అని మీ అమ్మని ఈ రాత్రికే అడిగి నాకు మెసేజ్ పెట్టండి, వేయించకపోతే ఆట సంగతి ఆ తర్వాత.

ఇక ఈ వారం మీ పని ఒక్కటే. నోట్‌బుక్‌లో జిలేబి దేన్ని నోట పట్టింది, ఎన్ని గంటలకి, ఎక్కడికి తీసుకెళ్ళి వదిలింది, ఈ మూడూ రాయండి, అమ్మలు రాస్తే చిన్నూ చూసి చెప్పాలి, చిన్నూ రాస్తే అమ్మలు. ఆదివారం కాల్‌లో అది నాకు చదివి వినిపిస్తే మొదట ఏది విసరాలో ముగ్గురం కలిసి తేలుద్దాం.

మీ అమ్మమ్మ