రెండు వైరస్‌లు, 14 ఏళ్ల తేడా

చిత్తూరు వైపు వాళ్లకి పెద్ద జబ్బు చేస్తే తిరుపతి రుయా, స్విమ్స్ ఆసుపత్రులతో పాటు గుర్తొచ్చే ఊరు రాయవేలూరు. మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది ఆ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ల్యాబ్‌లోనే. 1986లో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి మద్రాసులో రక్త నమూనాలు సేకరించారు. అక్కడ పరీక్షించే వసతి లేక వేలూరికి తీసుకెళ్లారు. ఆరు నమూనాల్లో హెచ్ఐవీ కనిపించింది. అప్పటికి కాలేయాన్ని దెబ్బతీసే ఇంకో వైరస్ హెపటైటిస్ సి కి పేరు కూడా లేదు. ఎ కాదు, బి కాదు అని మాత్రమే డాక్టర్లు రాసుకునేవాళ్లు. ఆ వైరస్‌ను గుర్తించింది 1989లో.

రెండూ రక్తం ద్వారా పాకేవే. అయినా వాటి మీద మన జాగ్రత్తలు మాత్రం కలిసి నడవలేదు. ఎక్కించే రక్తానికి హెచ్ఐవీ పరీక్ష 1989లోనే తప్పనిసరి అయింది. హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయ్యేసరికి 2000 దాటిపోయింది. డబ్బులకు రక్తం అమ్మేవాళ్ల దగ్గర తీసుకోవడం ఆగింది కూడా 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాతే. మధ్యలో గడిచిన ఆ ఏళ్లలో కాన్పుకో, ఆపరేషన్‌కో రక్తం ఎక్కించుకున్నవాళ్లు, ఒకే సిరంజితో పదిమందికి సూది వేసిన చోట వేయించుకున్నవాళ్లు తమకు ఏం సోకిందో తెలియకుండానే ఇంటికి వెళ్లిపోయారు.

మణిపూర్, పంజాబ్ లాంటి చోట్ల మత్తు సూదులు పంచుకోవడం వల్ల రెండు వైరస్‌లూ ఒకే మనిషిలో చేరడం ఎక్కువ. ఆంధ్రలో హెచ్ఐవీ ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారా వ్యాపించింది. హెపటైటిస్ సి ఆ దారిలో అంత తేలిగ్గా పాకదు. అందుకే మన దగ్గర రెండూ ఉన్నవాళ్లు తక్కువ. తక్కువ కావడమే వాళ్లకు చేటు చేసిందని నా అభిప్రాయం. అరుదైనదాన్ని ఎవరూ వెతకరు.

రెండూ కలిస్తే లోపల జరిగేదేమిటి? హెపటైటిస్ సి ఒక్కటే సోకినవాళ్లలో 100కి సుమారు 30 మందికి ఆరు నెలల్లోపు మందు లేకుండానే పోతుంది. మిగతావాళ్లలో ఏళ్ల తరబడి కాలేయంలో ఉండిపోతుంది. వాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో సిర్రోసిస్, అంటే కాలేయం గట్టిపడి పాడైపోవడం, రావచ్చు. హెచ్ఐవీ తోడైతే ఈ లెక్క తలకిందులవుతుంది. రోగాలతో పోరాడే సీడీ4 అనే రక్తకణాలు తగ్గిపోతాయి కాబట్టి శరీరం తనంతట తాను హెపటైటిస్ సి ని వదిలించుకునే అవకాశం పడిపోతుంది. రక్తంలో ఆ వైరస్ మోతాదు పెరుగుతుంది. పేగు గోడ బలహీనపడి, అక్కడి సూక్ష్మక్రిముల పదార్థాలు కాలేయానికి చేరి వాపు పెంచుతాయి. సిర్రోసిస్ ముప్పు సుమారు రెండింతలు అవుతుంది. దానికి మద్యం తాగే అలవాటు కూడా కలిస్తే ఇంకా త్వరగా ముదురుతుంది.

1996లో మూడు మందుల హెచ్ఐవీ చికిత్స వచ్చాక విదేశాల్లో ఒక చేదు నిజం బయటపడింది. ఎయిడ్స్ నుంచి బతికి బయటపడ్డవాళ్లు కాలేయ జబ్బుతో పోతున్నారు. 2006లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో హెచ్ఐవీ ఉన్నవాళ్ల మరణాల్లో 14 శాతానికి పైగా కాలేయానికి సంబంధించినవే.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల చికిత్స) 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో ఇచ్చిన నెవిరపిన్ కాలేయానికి భారం. జిడోవుడిన్ రక్తహీనత తెస్తుంది. హెపటైటిస్ సి కి అప్పుడున్న చికిత్స ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రిబావిరిన్ మాత్రలు. ఆ రిబావిరిన్ కూడా రక్తాన్ని తగ్గించేదే. ఒక జబ్బు మందు ఇంకో జబ్బు మందుకి అడ్డం. 48 వారాలు జ్వరం, నీరసం, దిగులు భరించినా, 2004లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో రెండూ ఉన్నవాళ్లలో నయమైంది 100కి 40 మందికే. కూలి పని చేసుకునేవాళ్లు ఆ ఖర్చు, ఆ బాధ తట్టుకునేదెలా?

2013 చివర్లో అమెరికాలో హెపటైటిస్ సి కి సోఫోస్‌బువిర్ అనే మాత్ర వచ్చింది. 12 వారాల కోర్సు ధర 84,000 డాలర్లు. 2014లో భారత కంపెనీలకు లైసెన్సులు దక్కాయి. హైదరాబాద్ కంపెనీలు కూడా దాన్ని తయారు చేయడంతో ధర బాగా పడిపోయింది. ఇలాంటి మాత్రలతో 100లో 95 మందికి పైగా నయమవుతుంది, హెచ్ఐవీ ఉన్నా లేకపోయినా. చూసుకోవాల్సింది మందుల పొత్తు. హెచ్ఐవీకి ఎఫావిరెంజ్ వాడేవాళ్లకి హెపటైటిస్ సి మాత్రల్లో డక్లాటాస్‌విర్ మోతాదు పెంచాలి, వెల్పటాస్‌విర్ అయితే ఇవ్వకూడదు. ఇప్పటి హెచ్ఐవీ మందు డొలుటెగ్రావిర్‌తో ఆ ఇబ్బంది లేదు.

ఈ మాత్రలను ఉచితంగా ఇచ్చే జాతీయ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది. హెచ్ఐవీ మందు ఉచితంగా అందిన 14 ఏళ్లకు. ఆ మధ్యకాలంలో ఎవరికైనా కళ్లు పచ్చబడితే, హెచ్ఐవీ సంగతి బయటికి చెప్పలేక, కామెర్లకు పసరు తాగి ఊరుకున్నారంటే వాళ్లను తప్పుపట్టలేం. చెప్పుకున్నా చేతికి అందే మందు లేదు కదా.

ఇప్పుడు మందు ఉంది. పరీక్షలోనే మెలిక. సీడీ4 బాగా పడిపోయినవాళ్లలో హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్ష (వైరస్‌ను కాకుండా, దాని మీద శరీరం తయారు చేసుకునే ప్రతిరక్షకాలను చూసేది) ఒక్కోసారి నెగెటివ్ చూపిస్తుంది, లోపల వైరస్ ఉన్నా సరే. నయమైనవాళ్లలో అదే పరీక్ష ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే వస్తుంది. దాన్ని చూసి జబ్బు మళ్లీ వచ్చిందని టెన్షన్ పడేవాళ్లున్నారు. రెండు సందర్భాల్లోనూ వైరస్‌నే నేరుగా వెతికే ఆర్ఎన్ఏ పరీక్ష చేయించాలి. నయమయ్యాక కూడా హెపటైటిస్ సి మళ్లీ సోకవచ్చు. అప్పటికే సిర్రోసిస్ వచ్చి ఉంటే, వైరస్ పోయినా కాలేయ క్యాన్సర్ ముప్పు పూర్తిగా పోదు కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. ఏఆర్‌టీ మాత్రలు మాత్రం ఏ దశలోనూ సొంతంగా ఆపకూడదు.