దెయ్యానికి పూచీ ఎవరిది?

చివరికి దెయ్యం ఉన్నట్టా, లేనట్టా? హారర్ సినిమా ఏది ఆడినా రెండో ఆటకల్లా మొదలయ్యే గొడవ ఇది. అంతా మనసు జబ్బేనని డాక్టరు చేత చెప్పిస్తే, రెండు గంటలు భయపెట్టి ఆఖర్న చేతులు దులుపుకున్నారని ఒక పక్షం. నిజంగానే ఆత్మ అని తేలిస్తే, ఈ రోజుల్లో కూడా ఈ మూఢనమ్మకాలేమిటని రెండో పక్షం. మళ్లీ అదే రగులుతోంది కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత హోరస్ వాల్‌పోల్‌కు వచ్చిన కల, ఆకాశంలోంచి పెళ్లికొడుకు నెత్తిన పడ్డ రాక్షస శిరస్త్రాణం, అలా పుట్టిన మొదటి గోథిక్ నవల, అంటే పాత కోటల్లో దెయ్యాలతో భయపెట్టే కథ... ఇదంతా చాలామందికి తెలిసిందే. కానీ ఇవాళ్టి తగాదాకు వేరు ఆ కలలో లేదు. ఆ పుస్తకం రెండో ముద్రణలో ఉంది.

‘ది క్యాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ 1764 డిసెంబరులో, క్రిస్మస్ ముందురోజు వచ్చింది. దాని మీద వాల్‌పోల్ పేరు లేదు. 1529లో నేపుల్స్‌లో అచ్చయిన ఇటాలియన్ పుస్తకమని, ఇంగ్లండ్ ఉత్తరాన ఒక పాత క్యాథలిక్ కుటుంబం లైబ్రరీలో దొరికిందని, విలియం మార్షల్ అనే ఆయన అనువదించాడని ముందుమాట. మార్షల్ అనే మనిషే లేడు. ‘మంత్లీ రివ్యూ’ పత్రిక మెచ్చుకుంది. దెయ్యాల గోల భరించగలిగినవాళ్లకు మంచి కాలక్షేపం అంది. ఆ కాలం వాళ్లు అలాగే నమ్మేవారు, పోనీలే అన్న ధోరణి.

1765 ఏప్రిల్లో రెండో ముద్రణ. అనువాదకుడి వేషం వేసినందుకు క్షమించమంటూ వాల్‌పోల్ ముసుగు తీసేశాడు. పేరు కింద ‘గోథిక్ కథ’ అని చేర్చాడు. అదే పత్రిక నాలుక మడతేసింది. పాతకాలం రాత అనుకుని సరిపెట్టుకున్నాం, చదువుకున్న ఇప్పటి మనిషి ఈ అనాగరికపు నమ్మకాలను మళ్లీ తలకెత్తడమేమిటని మండిపడింది. శిరస్త్రాణం అదే, దెయ్యం అదే. మారింది పూచీ పడే మనిషి.

మనకిది కొత్తేం కాదు. బేతాళుడు శవంలో దూరి విక్రమార్కుడితో మాట్లాడితే, ‘చందమామ’ చదువుతూ పెరిగిన వాళ్లెవరూ లాజిక్ అడగలేదు. ఆ శవాన్నే ఇవాళ్టి రచయిత కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో మాట్లాడిస్తే అడుగుతాం.

అప్పటి పత్రికలకు అంత ఉలుకు ఎందుకంటే, మూడేళ్ల ముందే లండన్ నిజం దెయ్యం చేతిలో బాగా నవ్వులపాలైంది. కాక్ లేన్ అనే సందులో ఒక ఇంట్లో, పన్నెండేళ్ల పిల్ల మంచం దగ్గర తట్టుళ్లు, గీకుళ్లు వినిపించేవి. చనిపోయిన ఒకామె ఆత్మ అన్నారు. 1762 జనవరి ఆఖర్న వాల్‌పోల్ కూడా వెళ్లాడు. ఆపెరా చూసి, బట్టలు మార్చుకుని, రాజుగారి తమ్ముడు డ్యూక్ ఆఫ్ యార్క్‌తో సహా ఐదుగురు ఒకే బాడుగ బండిలో ఇరుక్కున్నారు. కుండపోత వాన. అయినా సందు నిండా జనం. డ్యూక్ అని గుర్తుపట్టాక, లోపలివాళ్లు ఒకరిలోకి ఒకరు ఒదిగి చోటిచ్చారు. చిన్న గది, యాభై మంది, ఒక్క కొవ్వు కొవ్వొత్తి. రాత్రి ఒంటిగంటన్నర దాకా కూర్చున్నా చప్పుడు లేదు. తెల్లవారి ఏడింటికి గానీ దెయ్యం రాదని చెప్పి పంపించేశారు. ఆ తర్వాత పిల్ల దుస్తుల్లో చప్పుడు చేసే చెక్కముక్క దొరికింది, తండ్రికి జైలు పడింది. వాల్‌పోల్ తను వెళ్లిన ఆ రాత్రి సంగతంతా ఉత్తరంలో నవ్వుకుంటూ రాశాడు. అంటే దెయ్యాన్ని నమ్మి రాసిన మనిషి కాదాయన. నమ్మకపోయినా కథలో దానికి చోటుంది అన్నాడు. ఆ తేడా ఇప్పటికీ చాలామందికి పట్టదు.

అవతలి పక్షానికి తొలి గొంతు ఇంగ్లిష్ రచయిత్రి క్లారా రీవ్. 1778లో ‘ది ఓల్డ్ ఇంగ్లిష్ బారన్’ ముందుమాటలో ఆవిడ లెక్క చెప్పింది: వందమంది మోయాల్సిన కత్తి, చట్రంలోంచి దిగి నడిచే చిత్తరువు, ఇవి చూస్తే భయం పోయి నవ్వొస్తుందని. దెయ్యం ఉండొచ్చు, అతి ఉండకూడదు. వాల్‌పోల్ జవాబు: ఆవిడ కథ కంటే ఓల్డ్ బెయిలీ కోర్టులో ఏ హత్యకేసు విచారణైనా ఆసక్తిగా ఉంటుందట!

మరో ఇంగ్లిష్ రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ ఇంకా ముందుకెళ్లి, దెయ్యాన్నే లేకుండా చేసింది. 1794 నాటి ‘ద మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’లో కథానాయిక ఎమిలీ నల్లటి తెర ఎత్తి, చూసి, స్పృహ తప్పుతుంది. ఏం చూసిందో మనకు చెప్పరు. వందల పేజీల తర్వాత, నవల ముగుస్తుండగా, అది పురుగులు పట్టిన శవంలా చేసిన మైనపు బొమ్మ అని తేలుతుంది. నవలాకారుడు వాల్టర్ స్కాట్‌కు కూడా ఈ పద్ధతి రుచించలేదు. మన థియేటర్లలో 2005లో వచ్చిన ‘చంద్రముఖి’ ఈ దారిలోదే. గంగ సంగతికి డాక్టరు సమాధానం ఉంది గానీ, ఇంట్లో తిరిగే ఆ పెద్ద పాముకు మాత్రం లేదు.

‘ఉడాల్ఫో’ వచ్చిన రెండేళ్లకే, ఇరవై ఏళ్ల మాథ్యూ లూయిస్ ‘ద మంక్’తో ఎదురుదెబ్బ కొట్టాడు. కోటలోంచి పారిపోవడానికి ఒక అమ్మాయి నెత్తుటి సన్యాసిని దెయ్యంలా వేషం వేయాలనుకుంటుంది. ప్రియుడు ఆమే అనుకుని బండెక్కించుకున్నది అసలు దెయ్యాన్ని. పుస్తకం మీద పెద్ద రభస జరిగి, 1798 ముద్రణలో లూయిస్ కత్తెర వేసుకున్నాడు. కోసింది శృంగారాన్ని. దెయ్యం జోలికి పోలేదు.

రాడ్‌క్లిఫ్ సంగతి మిగిలింది. బతికుండగా తన దెయ్యాలన్నిటికీ లెక్క అప్పజెప్పిన ఆవిడ, ఒక నవల రాసి అచ్చుకివ్వకుండా పెట్టెలో ఉంచేసింది. 1823లో పోయింది. మూడేళ్ల తర్వాత ఆ ‘గాస్టన్ డి బ్లాండ్‌విల్’ బయటికొచ్చింది. అందులో హత్యకు గురైన వీరుడి ఆత్మ మూడో హెన్రీ రాజు కొలువులోకే వస్తుంది. ఏ వివరణా లేదు. ఆ కథ మనకెలా చేరిందో చెప్పడానికి మాత్రం ఆవిడ ఒక ఏర్పాటు చేసుకుంది: ఇద్దరు ప్రయాణికులు, కెనిల్‌వర్త్ దగ్గర ఒక ముసలాయన, ఆయన అమ్మిన పాత రాతప్రతి.